ఆరని దుప్పట్లు, వెనక్కొచ్చే రైలు

మడత పిన్నికి కోపం ఎక్కడుంటుందో వీధిలో అందరికీ తెలుసు. ముక్కు మీద కాదు, మోచేతుల్లో. తెల్లారగానే ఆవిడ ఇంటి వెనక బండ మీద దుప్పటి పడే చప్పుడు విని, ఇవాళ ఆవిడని పలకరించొచ్చా లేక పక్క సందులోంచి పోవడమే మేలా అని తేల్చుకుంటారు. చప్పుడు నిదానంగా వస్తే పరవాలేదు. గోడ అదిరేలా వస్తే మాత్రం పాలబ్బాయి కూడా గిన్నె గుమ్మంలో పెట్టేసి చప్పుడు చెయ్యకుండా జారుకుంటాడు.

ఆ పేరు పెట్టింది ప్రసవాల ఆసుపత్రి నర్సులు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే పిన్ని ఆ ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం మొదలుపెట్టింది. ఆవిడ పంపిన దుప్పటి మడతలో అంచుకి అంచు అతుక్కున్నట్టుండేది. పరిస్తే ముడత కనిపించేది కాదు. "మడతావిడ పంపిన కట్ట ఇటివ్వండి" అని ఒకళ్ళు అనడం, ఇంకొకళ్ళు అందుకోవడం, చివరికి అసలు పేరు రేషన్ కార్డులో మిగిలిపోవడం.

ప్రసవాల దుప్పట్లు ఉతకడమంటే మాటలు కాదు. నెత్తుటి మరక మీద వేణ్ణీళ్ళు పడ్డాయా, అది ఇక జన్మలో వదలదు. అందుకని ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి, మరక రంగు విరిగేదాకా నీళ్ళు మార్చాలి. ఆ తర్వాత గంగాళంలో సోడా వేసి ఉడకెయ్యాలి, బాదాలి, జాడించాలి, నీలిమందు నీళ్ళలో ముంచి తియ్యాలి. ఇంతా చేశాక ఎండ. పిన్నికి ఎండంటే పని ఆఖర్న వచ్చి సంతకం పెట్టే పెద్ద ఆఫీసరు లాంటిది. ఎండ తగలని దుప్పటిని ఆవిడ గడప దాటనివ్వదు.

ఆ ఎండ బాగా పడే చోటు ఊరి మొత్తంలో ఒక్కటే. పిన్ని ఇంటి వెనక, రైలు పట్టాలు కొండ పక్కనుంచి వంపు తిరిగేచోట ఉన్న ఖాళీ స్థలం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అక్కడ నీడ అనేదే ఉండదు. మధ్యాహ్నం దాటితే కొండ అడ్డొస్తుంది. అక్కడే వరసగా ఇనప రాటలు పాతించి, తీగలు లాగించి, దుప్పట్లు ఆరేస్తుంది.

పట్టాలున్నాయి గానీ రైళ్ళు లేవు. ఒకప్పుడు ఈ లైను మీద బొగ్గింజన్లు తిరిగేవి. ఊరి చివర వాటికి పెద్ద షెడ్డు ఉండేది. షెడ్డు మూసేశారు, రైళ్ళు ఆపేశారు, పట్టాల మధ్య గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. అప్పుడు ఊరంతా బాధపడింది. పిన్ని మాత్రం "పీడా వదిలింది" అనుకుంది. అనుకోవడమేమిటి, పైకే అంది.

ఎందుకనదు? పిన్ని మొగుడు ఆ షెడ్డులో ఇంజన్లు తుడిచే మనిషి. వీధి వాళ్ళకి షెడ్డు బాబాయి. ఇంజను కింద గుంటలో దిగి, బూడిద గోకి, నూనె గుడ్డతో ఇంజను పొట్ట తుడిచి తుడిచి సాయంత్రానికి ఆయన ఇంటికి వస్తే ముందు దగ్గు వినిపించేది, తర్వాత మనిషి కనిపించేవాడు. ఒంటి మీద బట్టలు తారు పీపాలోంచి తీసినట్టుండేవి. పొద్దంతా ఆసుపత్రి తెలుపు, రాత్రయితే షెడ్డు నలుపు. పిన్ని చేతులు ఈ రెండింటి మధ్యా నలిగిపోయాయి. ఇంజను పొగలో అందం ఉందని ఎవరైనా అంటే ఆవిడ ఒళ్ళు మండిపోయేది అందుకే.

బాబాయికి మాత్రం ఇంజనంటే ప్రాణం. పాపం, జీవితమంతా దాన్ని తుడిచాడే గానీ ఒక్కసారైనా దాని మీద ఎక్కి ప్రయాణం చెయ్యలేదు. బొగ్గు వేసే ఫైర్‌మన్ అవుదామని ఆశపడ్డాడు. దగ్గు చూసి డాక్టరు కుదరదన్నాడు. తను తుడిచి మెరిపించిన ఇంజను మీద ఇంకెవరో ఎక్కి కూత పెట్టుకుంటూ పోతుంటే, చేతిలో నూనె గుడ్డ పట్టుకుని గేటు దగ్గర నిలబడి చూసేవాడు.

అలాంటి మనిషి జీవితంలోకి క్లబ్బు వాళ్ళొచ్చారు.

వాళ్ళంతా పట్నం జనం. పళ్ళ డాక్టరున్నాడు, బ్యాంకు మేనేజరున్నాడు, కాలేజీలో లెక్కలు చెప్పే ఆయనున్నాడు. పాత రైళ్ళంటే పిచ్చి. మ్యూజియంలో పడున్న బొగ్గింజన్ని బతిమాలి బయటికి తీయించి, దాని వెనక పాతకాలం చెక్క పెట్టెలు తగిలించి, ఎవ్వరూ తిరగని లైన్ల మీద విహారయాత్రలు చేస్తుంటారు. ఎంత తుప్పు పట్టిన పట్టా అయితే వాళ్ళకి అంత సంబరం. పిన్ని వాళ్ళ లైనుకైతే ఏడాదికోసారి వస్తారు. రాగానే బాబాయి చుట్టూ మూగి "సార్, అప్పట్లో ఈ ఇంజను ఎలా ఉండేది సార్" అని అడుగుతారు. బతుకులో మొదటిసారి 'సార్' అనిపించుకున్న బాబాయి గాల్లో తేలిపోయాడు. వాళ్ళిచ్చిన టోపీ బీరువా మీద, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి మరీ దాచుకున్నాడు.

పోయినేడాది వాళ్ళొచ్చినప్పుడు ఆ క్లబ్బు కార్యదర్శి, పళ్ళ డాక్టరే, పిన్ని దగ్గరికొచ్చి చాలా మర్యాదగా చెప్పాడు. "అమ్మా, రైలు ఇలా వచ్చి అలా వెళ్ళిపోతుంది. ఆ కాసేపు బట్టలు లోపల పెట్టుకుంటే చాలు."

పిన్ని పెట్టుకుంది. రైలు వచ్చింది, వెళ్ళింది. వెళ్ళిన రైలు వెళ్ళినట్టే అని ఎవరైనా అనుకుంటారు కదా? పిన్ని కూడా అదే అనుకుని తడి దుప్పట్లన్నీ మళ్ళీ తీగల మీద వేసింది. ఆఖరి క్లిప్పు పెడుతుంటే రైలు వెనక్కొస్తున్న చప్పుడైంది. పాడైపోయిందేమో పాపం అనుకుంది కూడా. ఆ జాలి తల్చుకుంటే ఇప్పటికీ ఆవిడకి తన మీద తనకే కోపం.

పాడవలేదు. వాళ్ళ ఆచారం అది. ఫొటో కోసం అందరూ దిగి ఎదురు గట్టు మీద కెమెరాలు పట్టుకుని నిలబడతారు. ఖాళీ రైలు వెనక్కి పోయి, మళ్ళీ ముందుకి ఉరికొస్తుంది. మామూలుగా కాదు, పొయ్యిలో పచ్చి బొగ్గు కుమ్మరించి, ఆకాశం కనపడనంత నల్ల పొగ కక్కుతూ. ఒకసారి సరిపోకపోతే ఇంకోసారి. గాలి అటునుంచి ఇటు. తెల్లారినప్పటి నుంచి పిన్ని చేసిన పనంతా చూస్తుండగానే మసి చుక్కలైపోయింది.

ఆ రోజు ఆసుపత్రికి దుప్పట్లు వెళ్ళలేదు. బిడ్డల్ని కన్న తల్లులు ఉత్త రబ్బరు షీటు మీద పడుకున్నారు. మర్నాడు మళ్ళీ ఉతికి పంపిన వాటిలోనూ బూడిద చుక్కలు దొరికాయి. హెడ్ నర్సు తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. తల దించుకుని చెప్పింది. "పిన్నీ, ఇంకోసారి ఇలా అయితే మిషను లాండ్రీకి ఇచ్చెయ్యమని పైవాళ్ళు అన్నారు. నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ మాట పిన్ని మింగేసింది గానీ అది గొంతులోనే ఉండిపోయింది. ఆసుపత్రి పని పోతే ఆవిడకి ఇంకేముంది? మనుషులు పుట్టే మంచం మీద తన చేతి మడత ఉంటుందన్న ఒక్క గొప్పా పోతుంది.

ఈ ఏడు వానలు ముసురు పట్టి వదల్లేదు. ఆసుపత్రి బీరువా ఖాళీ అయిపోయింది. నర్సుల నుంచి కబురు మీద కబురు. ఎట్టకేలకి ఒక పొద్దున ఎండ కాసింది. పిన్ని గంగాళం దించి, ఇల్లంతా పేరుకుపోయిన దుప్పట్లన్నీ ఒకేసారి బయటికి తీసి ఆరేసింది. మధ్యాహ్నానికల్లా ఆరి, మడతపడి, ఆసుపత్రిలో ఉండాలి. హెడ్ నర్సుకి మాటిచ్చేసింది.

లోపలికెళ్ళేసరికి బాబాయి అద్దం ముందు టోపీ సర్దుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఎక్కడికి?"

"ఇవాళ... రైలుందే."

"ఏ రైలు?"

"ఆ రైలే."

పిన్ని ఆయనకీ అద్దానికీ మధ్య నిలబడింది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వారం అయింది. చెబితే నువ్వు గోల చేస్తావని..."

"గోలా? నేను గోల చేస్తానా? వారం రోజులు నా పక్కనే కూర్చుని టీ తాగావు. వాన ఎప్పుడు తగ్గుతుందో అని నేను ఏడుస్తుంటే ఆకాశం వంక చూసి 'తగ్గుతుందిలే' అన్నావు. నోరు పడిపోయిందా అప్పుడు?"

"ఈసారి నన్ను ఇంజను మీద ఎక్కిస్తామన్నారే! నన్ను! డ్రైవరు పక్కన! ఒక్క రోజు నన్ను బతకనివ్వవా?"

"బతుకు. నీ ఇంజను నువ్వు ఎక్కు. ఈసారి మాత్రం నా దుప్పటి ఒక్కటి కూడా తీగ దిగదు. చెప్పు మీ పళ్ళ డాక్టరుకి."

బాబాయి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. చెప్పలేదని వేరే చెప్పక్కర్లేదు.

రైలు వచ్చింది. మొదటిసారి మంచిగానే పోయింది. పొగ లేదు, ఆవిరి మాత్రమే. ఇంజను మీద బాబాయి కొత్త పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడి ఉన్నాడు. ఇంటి వైపు చూసీ చూడనట్టు చూశాడు. పిన్ని రాటని పట్టుకుని నిలబడింది. కదల్లేదు. అనుకున్నట్టే వంపు దాటాక రైలు ఆగింది. జనం బిలబిలమని దిగి ఎదురు గట్టెక్కారు. స్టాండులు పాతారు. రైలు నిదానంగా వెనక్కొచ్చి, పిన్ని స్థలానికి కాస్త అవతల నిలబడింది.

కార్యదర్శి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, పోయినసారి చెప్పాం కదా, కాసేపు తీసేస్తే..."

"తియ్యను."

"ఐదు నిమిషాలమ్మా."

"పోయినసారి కూడా మీ ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లో బాలింతలు రబ్బరు మీద పడుకున్నారు. మీ ఇంట్లో ఎవరైనా కన్నప్పుడు రబ్బరు మీద పడుకోబెట్టారా?"

కార్యదర్శి చేతిరుమాలు జేబులో కుక్కుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక గట్టు వైపు చూశాడు. పిన్ని ఊరుకోలేదు. పట్టాల దగ్గరికెళ్ళి, దుప్పట్లకి అడ్డంగా, కెమెరాలకి ఎదురుగా నడుం మీద చేతులేసుకుని నిలబడింది. ఫొటోలో నేనుంటే మీకు ఫొటో ఎక్కడిది? తియ్యండి చూద్దాం. అదీ ఆవిడ లెక్క.

గట్టు మీద మోచెయ్యంత పొడుగు లెన్సున్న ఆయన కెమెరాలోంచి చూస్తూ అరిచాడు. "సార్, ఆవిణ్ణి అలాగే ఉండనివ్వండి! దుప్పట్లు కూడా! తెల్ల దుప్పట్లు, నల్ల పొగ, అబ్బా, అదిరిపోతుంది! కాస్త ఆ ప్లాస్టిక్ బకెట్ తీసేసి ఇత్తడిది ఏదైనా పట్టుకోమనండి!"

పక్కవాళ్ళు కూడా "అవునవును" అన్నారు. కార్యదర్శి మొహం వెలిగిపోయింది. "విన్నారా అమ్మా? మీరు కూడా ఫొటోలో వస్తారు!"

పిన్ని మోచేతులు వణికాయి. కోపంగా నిలబడినా వాళ్ళకి అందంగానే ఉందా? తన కష్టం మీద మసి పడటమే వాళ్ళకి అందమా?

"ఇంత పొడుగు లైనుంది కదయ్యా," అంది. "అడవుంది, వంతెనుంది. నా దుప్పట్ల మీదే ఎందుకు మీ కళ్ళు?"

"మా ఇష్టం కాదమ్మా," కార్యదర్శి ఎంతో సంతోషంగా చెప్పాడు. "ఈ చోటు చూపించింది మీ ఆయనే! పోయినేడాది మమ్మల్ని తీసుకొచ్చి, పొగ వంపు తిరగడం చూడాలంటే ఇక్కణ్ణించే చూడాలి, మా ఇంటి వెనకే అని..."

గట్టు మీద ఎవరో నవ్వారు. ఇంజను బుసలు కొడుతోంది. పిన్నికి ఏమీ వినపడలేదు.

ఆవిడ గిరుక్కున తిరిగి తీగల దగ్గరికెళ్ళింది. క్లిప్పులు పీకింది. ఒక్కొక్క దుప్పటీ లాగి భుజాల మీద వేసుకుంది. కార్యదర్శి "అమ్మయ్య" అనుకున్నాడు. తీసేస్తోందనుకున్నాడు పాపం.

పిన్ని తడి బరువుకి ఒంగిపోతూ నేరుగా రైలు దగ్గరికి నడిచింది. ఖాళీ పెట్టెలు ఎండలో తళతళ మెరుస్తున్నాయి. వాటి కిటికీ అద్దాలు కిందికి దించున్నాయి. మొదటి పెట్టె మెట్టెక్కి, దుప్పటి అంచు కిటికీలోకి తోసి, అద్దం పైకి లాగింది. అంచు బిగుసుకుంది. దుప్పటి పెట్టె మీద నిండుగా జారింది. పక్క కిటికీకి ఇంకోటి.

"అయ్యయ్యో! ఏమిటమ్మా ఇది!" కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు. "పాలిష్ చేసిన టేకు! రెండు రోజులు తుడిచాం!"

"అందుకే. ఊళ్ళో ఇంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు. ఎండ కూడా ఇక్కడే పడుతోంది."

"తీసెయ్యండి! రైలు కదలాలి!"

"కదలమను. ఒక్క దుప్పటి నేల మీద పడిందంటే నేను చక్రం కింద పడుకుంటా."

గట్టు మీద కేకలు. ఒకాయన 'ఎండ పోతోంది, ఎండ పోతోంది' అని అరుస్తున్నాడు. పొడుగు లెన్సాయన ఆ దుప్పట్లని కూడా ఫొటో తియ్యబోయాడు. పిన్ని చూసిన చూపుకి కెమెరా దానంతటదే కిందికి దిగింది.

ఇంజను మీద డ్రైవరు ముందుకి ఒంగి చూశాడు. తాపీగా తుండుతో మొహం తుడుచుకున్నాడు. "పెద్దాయనా, మీ ఆవిడేనా?"

బాబాయి తలూపాడు.

"నేను మాత్రం బండి కదపను. దిగి మాట్లాడుకుంటే నీ ఇష్టం. దిగితే మళ్ళీ ఎక్కే టైముంటుందని మాటివ్వలేను, ముందు స్టేషన్లో ఇంజనుకి నీళ్ళు పట్టాలి."

బాబాయి చాలాసేపు ఇంజను మెట్ల పక్కనున్న ఇత్తడి కమ్మీని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దిగాడు. మొహం కందిపోయింది.

"ఏమే, బుద్ధుందా నీకు? ఇంతమందిలో నా పరువు తీస్తావా? బతుకంతా ఆ ఇంజను కింద దొర్లాను, ఒక్కరోజు, ఒక్కటే రోజు పైకెక్కా!"

"ఈ చోటు చూపించింది నువ్వా?"

బాబాయి టోపీ సర్దుకున్నాడు.

"అడిగిందానికి చెప్పు. నువ్వేనా?"

"అప్పుడు... వాళ్ళు సార్ సార్ అంటుంటే... నాకు తెలిసిన మంచి చోటు ఏదని అడిగారు. నాకు తెలిసింది ఇదే కదే. రోజూ గేటు దగ్గర్నుంచి చూసేవాణ్ణి, పొగ ఇక్కడికొచ్చి తిరిగేది..."

"ఆ పొగ కింద నేనుండేదాన్నయ్యా! నువ్వు పైకే చూశావు. కింద ఎవరున్నారో ఒక్కసారి చూశావా? హెడ్ నర్సు పని తీసేస్తానంది. నీకు చెప్పాను. ఏమన్నావు? 'ఊఁ' అన్నావు. అప్పుడు టోపీకి గుడ్డ కప్పుతున్నావు."

బాబాయికి గుర్తొచ్చింది. గుర్తొచ్చిన సంగతి మొహం మీద కనపడింది. తల పక్కకి తిప్పుకున్నాడు.

అప్పటికి ఓపిక చచ్చిపోయిన కార్యదర్శి అటు వచ్చాడు. "చూడండి సార్, మీ మీద గౌరవంతో ఊరుకుంటున్నాం. మిమ్మల్ని ఎక్కించింది ఈ న్యూసెన్స్ లేకుండా చూసుకుంటారనే. ఆ ముసలావిణ్ణి త్వరగా పక్కకి లాగేసి రండి."

బాబాయి ఆయన వైపు తిరిగాడు. దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా కార్యదర్శిని చూస్తూనే ఉన్నాడు.

"లాగేసి రావాలా?"

"అంటే నా ఉద్దేశం..."

"నన్ను ఎక్కించింది అందుకా?"

కార్యదర్శి ఏదో సర్దబోయాడు. బాబాయి వినలేదు. పెళ్ళాం భుజం మీదున్న తడి కుప్పలోంచి ఒక దుప్పటి కొస లాగి పట్టుకున్నాడు. పెద్ద మంచం దుప్పటి, ఒక్క మనిషి పరిచేది కాదు. పిన్ని వెంటనే రెండో కొస ఇవ్వలేదు. ఆయన మొహం వంక చూసింది. తర్వాత కొస చేత్తో చుట్టి బిగించింది.

"గట్టిగా పట్టుకో. నేలకి తగిలిందంటే ఊరుకోను."

ఇద్దరూ రైలు పొడుగునా ఆరేసుకుంటూ పోయారు. చివరి పెట్టెకొచ్చేసరికి చెక్క రైలు కాస్తా ఆసుపత్రి వార్డులా తయారైంది. డ్రైవరు పట్టాల పక్కన గడ్డిలో కూర్చుని టీ ఫ్లాస్కు తెరిచాడు. ఆ లైను మీద వేరే రైలేదీ రాదు కాబట్టి ఎవ్వరికీ తొందర లేదు, క్లబ్బు వాళ్ళకి తప్ప. వాళ్ళు కాసేపు అరిచారు, కాసేపు బతిమాలారు, చివరికి తమలో తాము పోట్లాడుకున్నారు. లెక్కల మాస్టారు మాత్రం నిశ్శబ్దంగా వచ్చి, గాలికి ఎగురుతున్న ఒక కొసని అద్దంలో బిగించి వెళ్ళిపోయాడు.

దుప్పట్లు ఆరేసరికి కొండ నీడ పట్టాల మీదికి పాకింది. ఇక ఫొటో లేదు. పిన్ని ఒక్కొక్కటీ దించి, అక్కడే నిలబడి బాబాయితో కొసలు పట్టించి మడిచింది. జనం గొణుక్కుంటూ పెట్టెలెక్కారు.

డ్రైవరు కేకేశాడు. "పెద్దాయనా, నీళ్ళు సరిపోయేలా ఉన్నాయి. ఎక్కుతావా?"

బాబాయి చేతుల్లో సగం మడిచిన దుప్పటి ఉంది. ఇంజను వంక చూశాడు. పిన్ని 'వెళ్ళు' అనలేదు, 'వద్దు' అనలేదు. కొస పట్టుకుని నిలబడింది.

"మీరు పోనివ్వండి," అన్నాడు.

రైలు వంపు తిరిగింది. పొగ లేదు. ఆయన అది కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆ కాసేపు పిన్ని దుప్పటి లాగలేదు.

ఆసుపత్రిలో హెడ్ నర్సు ఒక దుప్పటి విప్పి కిటికీ వెలుగులో పట్టి చూసింది. తిప్పి చూసింది. లోపలికి "మంచాలు వెయ్యండమ్మా!" అని కేకేసింది. పిన్ని గొంతులో ఏడాదిగా ఉన్నది అప్పుడు దిగింది.

మెట్ల దగ్గర బాబాయి మూట దించి ఆయాసపడుతున్నాడు. నుదుటి మీద టోపీ గీత ఇంకా ఎర్రగా ఉంది.

"ఇంకా కోపమేనా నా మీద?"

"ఉండదా? పోయినేడాది ఆ చోటు చూపించినందుకు ఈ ఏడాది మూట మోస్తే సరిపోతుందా?" పిన్ని పైటతో మెడ తుడుచుకుంది. "కూర్చుంటావేం? రెండో మూట తోపుడుబండి మీదే ఉంది. తీసుకురా. జాగ్రత్త, మడత చెడనివ్వకు."